పెరట్లో పెద్ద చేపల కొలను: తవ్వకం కంటే ముందు ఫిల్టరు

మీరు రాసింది ఇదీ: పెరట్లో చిన్న ఫైబర్ తొట్టిలో పెంచుతున్న గోల్డ్‌ఫిష్ పెద్దవైపోయాయి, తొట్టి చాలడం లేదు. అందుకని సుమారు 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పుతో కొలను కట్టి, వాటితో పాటు కోయి చేపలు (రంగురంగుల కార్ప్ రకం) కూడా పెంచాలనుకుంటున్నారు. లోతు ఎంత పెట్టాలి, కాంక్రీటు మంచిదా, గుంతలో నీరు ఇంకకుండా పరిచే లైనర్ షీటు మంచిదా, ఏ పంపు కొనాలి అని అడిగారు.

మూడింటికీ జవాబు చెబుతాను. అయితే వీటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. కొలను అడుగున చేరే మురికి బయటికి ఏ దారిన పోతుంది? ఇది తేలితే లోతు, ఆకారం, పంపు, చివరికి కొలను పెరట్లో ఏ పక్కన రావాలన్నది కూడా చాలావరకు తేలిపోతుంది. చాలామంది గొయ్యి తవ్వి, నీళ్లు నింపి, చేపలు వదిలి, నీళ్లు పచ్చబడ్డాక ఫిల్టరు గురించి వాకబు చేస్తారు. అప్పటికి అడుగున పైపు వేసే వీలుండదు, ఫిల్టరుకు చోటూ మిగలదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వల పట్టుకుని బురద తోడుకోవడమే. చిన్న తొట్టి అయితే బకెట్లతో నీళ్లు మార్చి నెట్టుకురావచ్చు. 20,000 లీటర్లతో అది కుదరదు.

ముందు లెక్కలు చూద్దాం. పొడవు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో గుణించి 1000తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. 5 × 3 × 1.5 అంటే 22,500 లీటర్లు. మూలలు గుండ్రంగా, అడుగు వాలుగా పెడతారు కాబట్టి నికరంగా 20,000 అనుకోండి. కోయికి 1.5 మీటర్ల లోతు పెట్టమనే చెబుతాను. 1.2 కంటే మాత్రం తగ్గించొద్దు. లోతు ఉంటే పగటికీ రాత్రికీ మధ్య నీటి వేడి అంతగా మారదు, కొంగలు దిగి నిలబడలేవు, 60 సెంటీమీటర్లు దాటి పెరిగే చేపకు పైకీ కిందికీ ఈదే చోటు దొరుకుతుంది. గడ్డకట్టే చలి ఉండే చోట అడుగు నీరు గడ్డకట్టకుండా చేపల్ని కాపాడేదీ ఈ లోతే. గోల్డ్‌ఫిష్ మాత్రమే అయితే 80, 90 సెంటీమీటర్లు సరిపోయేది.

తవ్విన మట్టి సంగతి కూడా ఇప్పుడే ఆలోచించండి. 20 ఘనపు మీటర్ల మట్టి అంటే సుమారు 30 టన్నులు. తవ్వాక అది వదులై ఇంకో పాతిక శాతం ఉబ్బుతుంది. జేసీబీ పెరట్లోకి రాగలదా, ఆ కుప్ప ఎక్కడ పోస్తారు, తీసుకెళ్లేవాళ్లు ఎవరు అన్నది ముందే మాట్లాడుకోకపోతే పని సగంలో ఆగిపోతుంది. కొంత మట్టిని కొలను గట్టు ఎత్తు చేయడానికి వాడుకోవచ్చు. కొలనును సగం నేలలోకి, సగం పైకి కట్టే పద్ధతి కూడా బాగుంటుంది. తవ్వకం తగ్గుతుంది, వాననీరు లోపలికి రాదు, చిన్నపిల్లలు పొరపాటున అడుగేసి పడిపోయే ప్రమాదమూ తగ్గుతుంది.

చోటు విషయంలో నాలుగు మాటలు చాలు. పెరట్లో అన్నిటికంటే పల్లంగా ఉన్న మూల చూడ్డానికి బాగుంటుంది గానీ, వాన పడితే మొక్కలకు వేసిన ఎరువూ, కొట్టిన పురుగుమందూ అక్కడికే కొట్టుకొస్తాయి. కాబట్టి ఆ మూల వద్దు. పెద్ద చెట్టు కింద వద్దు. ఆకులు ఒక బెడద, వేర్లు మరో బెడద. ఇంటి పునాదికీ, సెప్టిక్ ట్యాంకుకూ దూరంగా ఉండాలి. నేలలో కరెంటు కేబులు, నీళ్ల పైపు ఎటు పోతున్నాయో తెలుసుకోకుండా పార వేయొద్దు. మధ్యాహ్నం నుంచి నీడ పడే చోటు దొరికితే మంచిది. చివరిగా, కొలనును ఆనుకుని ఫిల్టరుకు కనీసం 2 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు చోటు ఉండాలి. ఈ చోటు దొరకకపోతే కొలనునే చిన్నది చేసుకోండి, ఫిల్టరును కాదు.

ఫిల్టరు గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, చేపలు చనిపోయేది మురికిగా కనిపించే నీళ్లలోనే కాదు, అద్దంలా తేటగా ఉన్న నీళ్లలో కూడా. చేప తిన్న మేతలోని ప్రోటీన్ అమ్మోనియాగా మారి మొప్పల గుండా నీళ్లలోకి వస్తుంది. మామూలు మేత అయితే దాని బరువులో సుమారు 3 శాతం. రోజుకు 100 గ్రాముల మేత వేస్తే 3 గ్రాముల అమ్మోనియా. 20,000 లీటర్లలో అది లీటరుకు 0.15 మిల్లీగ్రాములు. వారం రోజులు ఫిల్టరు లేకపోతే లీటరుకు 1 మిల్లీగ్రాము దాటుతుంది. ఇందులో ఎంత భాగం విషం అనేది పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలతను) బట్టి మారుతుంది. నీరు 25 డిగ్రీలు ఉన్నప్పుడు పీహెచ్ 7 అయితే అందులో 1 శాతం కూడా విషరూపంలో ఉండదు. పీహెచ్ 8 అయితే 5 శాతం, 9 అయితే మూడో వంతుకు పైగా. లీటరుకు 0.05 మిల్లీగ్రాముల విషరూప అమ్మోనియా చాలు, మొప్పలు దెబ్బతినడానికి. పాచి ఎక్కువగా ఉన్న కొలనులో సాయంత్రానికి పీహెచ్ బాగా పెరుగుతుంది. అందుకే పొద్దున హాయిగా తిరిగిన చేపలు సాయంత్రం మూలకు చేరి రెక్కలు ముడుచుకుంటాయి. మేత బాలేదేమో అనుకుంటాం, అసలు కారణం అది కాదు.

ఈ అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా ప్రమాదమే, అది రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి లేకుండా చేస్తుంది. నైట్రేట్ అంత హాని చేయదు, మొక్కలు పీల్చుకుంటాయి, నీళ్లు మార్చినప్పుడు కొంత పోతుంది. ఆ బాక్టీరియాకు ఇల్లు కట్టి, ఆక్సిజన్ అందించి, మురికి మీద పడకుండా చూడటమే ఫిల్టరు పని.

ఇక కొలను అడుగుకు వద్దాం. అడుగు చదునుగా ఉండకూడదు. నాలుగు వైపుల నుంచీ మధ్యకు మీటరుకు 8 నుంచి 10 సెంటీమీటర్ల వాలు ఉండాలి. సరిగ్గా మధ్యలో అడుగు డ్రెయిన్. దాని నుంచి 110 మిల్లీమీటర్ల పైపు కొలను అడుగు కిందుగా ఫిల్టరు గుంత దాకా వెళ్తుంది. ఈ పైపును మధ్యలో ఎక్కడా సన్నం చేయకండి, 90 డిగ్రీల ఎల్బో వాడకండి. మలుపు తప్పనిసరి అయితే రెండు 45 డిగ్రీల బెండ్లు వేయించండి. పైపులో గంటకు 10,000 లీటర్ల ప్రవాహం ఉంటే మురికి దారిలో నిలవకుండా కొట్టుకుపోతుంది. మీ కొలను నీరు రెండు గంటలకు ఒకసారి తిరగాలన్నా కావాల్సింది సరిగ్గా అంతే, కాబట్టి ఒక డ్రెయిన్ చాలు. రెండు పెడితే రెండు పైపులకూ అంతంత ప్రవాహం ఇవ్వాలి, పంపు రెట్టింపు అవుతుంది. దానికి బదులు మూలలు బాగా గుండ్రంగా చేసి, ఫిల్టరు నుంచి తిరిగొచ్చే నీటిని గోడ వెంబడి ఒకే దిక్కున వదలండి. నీరంతా నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ మురికిని మధ్యకు తెస్తుంది. పైన తేలే ఆకులనూ, దుమ్మునూ లాగేసే స్కిమ్మర్ ఒకటి ఉంటే కొలను ఎప్పుడూ శుభ్రంగా కనిపిస్తుంది.

పైపు వేసిన వెంటనే మట్టి కప్పేయకండి. రెండు చివర్లూ మూసి, నీళ్లు నింపి ఒక రోజు వదిలేయండి. మట్టం తగ్గలేదని చూశాకే చుట్టూ కాంక్రీటు పోయించండి. తర్వాత అక్కడ లీకు వస్తే కొలను మొత్తం విప్పాల్సిందే, వేరే దారి లేదు. మేస్త్రి తొందరపెట్టినా ఈ ఒక్క రోజు మాత్రం పట్టుబట్టండి.

ఫిల్టరును గ్రావిటీ పద్ధతిలో పెట్టుకోండి. అంటే పంపు కొలనులో ఉండదు, ఫిల్టరు చివరి గదిలో ఉంటుంది. ఫిల్టరు గదుల్లో నీటి మట్టం, కొలను మట్టం ఒకటే. పంపు చివరి గది నుంచి తోడుతుంటే అక్కడ మట్టం కాస్త దిగుతుంది, ఆ లోటు భర్తీ చేయడానికి కొలను అడుగు నుంచి నీరు దానంతట అదే వస్తుంది. కరెంటు పోతే మట్టాలు సమానమై ఆగిపోతాయి, ఎక్కడా పొంగదు. దీనికి ఒకే షరతు, ఫిల్టరు గదుల అంచు కొలను అంచుతో సమానంగా ఉండాలి. ఒక అంగుళం కిందికి ఉన్నా, పంపు ఆగిన రాత్రి అక్కడి నుంచే పొర్లుతుంది. ఇంకో లాభం ఏమిటంటే, మురికి పంపులో పడి నలిగి నీళ్లలో కలిసిపోదు, ముద్దలుగానే మొదటి గదికి చేరుతుంది.

గదుల వరుస ఇలా ఉండాలి. మొదటి గదిలో మురికి అడుగుకు దిగాలి లేదా జల్లెడ మీద ఆగాలి. రెండో గదిలో బ్రష్‌లు గానీ స్పాంజి మ్యాట్లు గానీ సన్నని నలుసును పడతాయి. మూడో గదిలో బాక్టీరియా పెరిగే ప్లాస్టిక్ మీడియా, దాని కింద గాలి బుడగలు. తర్వాత పంపు, యూవీ (అతినీలలోహిత కాంతి) దీపం, తిరిగి కొలను. వరుస తారుమారు చేస్తే మీడియా మీద బురద పేరుకుని బాక్టీరియాకు ఊపిరాడదు. ప్రతి గది అడుగునా ఒక వాల్వు పెట్టించండి, వారానికి ఒకసారి తిప్పితే మురికి నీరు మొక్కల్లోకి పోతుంది. మొక్కలకు అది మంచి ఎరువు కూడా. మీడియాను ఎప్పుడైనా కడగాల్సి వస్తే కొలను నీళ్లతోనే జాడించండి. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో కడిగితే నెలల తరబడి పెరిగిన బాక్టీరియా ఒక్క పూటలో పోతుంది.

పంపు విషయానికొస్తే, డబ్బా మీద రాసిన లీటర్లు చూసి కొనకండి. అది ఎత్తు సున్నా ఉన్నప్పటి లెక్క. నీరు ఎంత ఎత్తుకు ఎక్కాలి, పైపు ఎంత పొడవు, ఎన్ని మలుపులు అన్నవి కలిపితే అసలు ప్రవాహం తెలుస్తుంది. మంచి పంపుతో పాటు ఎత్తుకూ ప్రవాహానికీ గ్రాఫ్ ఇస్తారు, అది చూడండి. మీకు నిజంగా గంటకు 10,000 లీటర్లు రావాలి. జలపాతం కోసం మీటరు పైకి ఎక్కించాలంటే ఎంత తేడా వస్తుందో ఆ గ్రాఫ్‌లోనే కనిపిస్తుంది. ఈ పంపు ఏడాది పొడవునా 24 గంటలూ తిరుగుతుంది. 100 వాట్ల పంపు రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72 యూనిట్లు తింటుంది. 300 వాట్లదైతే మూడు రెట్లు. కొనేటప్పుడు కాస్త ఖర్చు ఎక్కువైనా తక్కువ వాట్లది తీసుకోవడమే లాభం. నన్నడిగితే జలపాతానికి వేరే చిన్న పంపు పెట్టి, కావాల్సినప్పుడే నడుపుకోండి. రాత్రంతా ఎవరూ చూడని జలపాతానికి కరెంటు పోయడం దండగ.

గాలి పంపు మాత్రం తప్పనిసరి, దాన్ని అలంకారంగా చూడకండి. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా పట్టే నీరు 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మించి పట్టుకోలేదు. పైగా రాత్రిపూట మొక్కలూ పాచీ కూడా ఆక్సిజన్‌నే పీలుస్తాయి. తెల్లవారుజామున అది అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. ఆ వేళ టార్చి వేసి చూడండి. చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ, నీరు పడే చోట గుమిగూడి ఉంటే ఆక్సిజన్ చాలడం లేదన్నమాట. పెద్ద చేపలకే ముందు ఇబ్బంది వస్తుంది, అందుకే ఒకే రాత్రిలో పెద్దవి పోయి చిన్నవి బతికాయంటే మొదట దీన్నే అనుమానించాలి. గాలి పంపును నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీరు ట్యూబు గుండా వెనక్కి ఎక్కుతుంది. దానికి ఇన్వర్టర్ కనెక్షన్ ఇవ్వండి. పెద్ద పంపుకు బ్యాకప్ లేకపోయినా గాలి ఆడుతుంటే చేపలు గట్టెక్కుతాయి.

కాంక్రీటా, లైనరా అన్నదానికి నా జవాబు లైనరే. కాంక్రీటు బాగా కడితే దశాబ్దాలు ఉంటుంది, నిజమే. కానీ ఇనుము, మందం, పోత, తడి పెట్టడం అన్నీ సరిగ్గా కుదరాలి. ఎండితే బీటలు వారే బంకమట్టి నేలలో గోడ కదిలి చీలుతుంది. కొత్త సిమెంటులోని సున్నం నీళ్లలోకి దిగి పీహెచ్‌ను 10 దాకా తీసుకెళ్తుంది. నింపి, వారం ఉంచి, పారబోసి, మళ్లీ నింపుతూ పీహెచ్ నిలకడగా 8.5 లోపు వచ్చేదాకా చేప వేయకూడదు, లేదా చేపలకు హాని లేని పూత వేయాలి. ఒక మిలిమీటరు మందం ఈపీడీఎం రబ్బరు షీటు అయితే నేల కాస్త కదిలినా సాగుతుంది, పదునైనది తగలనంత కాలం చిరగదు. గోడలు నిలువుగా నిలవాలంటే, నేల వదులుగా ఉంటే సిమెంటు ఇటుకలతో గోడ కట్టి దాని మీద లైనర్ వేయండి. రెండు పద్ధతుల్లోని మంచీ దొరుకుతుంది.

లైనర్ కొలత ఇలా: పొడవుకు రెండింతల లోతు, ఇరువైపులా అంచుకు అర మీటరు చొప్పున కలపండి. 5 + 3 + 1 అంటే 9 మీటర్లు. వెడల్పు 3 + 3 + 1 అంటే 7 మీటర్లు. ఈ షీటు 75 కిలోల పైమాటే, మోయడానికి నలుగురు కావాలి. ఎండలో ఒక గంట పరిచి ఉంచితే మెత్తబడి మడతలు బాగా కూర్చుంటాయి. షీటు కింద మందపాటి జియోటెక్స్‌టైల్ గుడ్డ తప్పకుండా వేయండి. వానాకాలంలో నేలలో నీరు ఏ లోతులో తగులుతుందో ఒక చిన్న గుంత తీసి చూడండి. 1.5 మీటర్ల లోపే తగిలితే కింది నీరు లైనర్‌ను బుడగలా పైకి లేపుతుంది. అలాంటి చోట కొలనును నేల పైకి ఎత్తుకోవడమే మంచిది.

లైనర్‌లో లీకు ఎక్కువగా వచ్చేది డ్రెయిన్ దగ్గరే, కాబట్టి ఆ పని మీ కళ్ల ముందే జరగాలి. డ్రెయిన్ అంచు అడుగు కాంక్రీటుతో సమానంగా ఉండాలి. ఆ అంచు మీది నుంచి గుడ్డను కత్తిరించి తీసేయండి. అంచునూ, దాని మీదికి వచ్చే లైనర్ భాగాన్నీ బాగా తుడిచి ఆరబెట్టండి. ఈపీడీఎంకు పట్టే సీలెంట్‌ను స్క్రూ రంధ్రాలకు లోపల ఒక వలయం, బయట ఒక వలయంగా పూయండి. మామూలు బాత్రూమ్ సిలికాన్ వద్దు, అందులో బూజు పట్టకుండా కలిపే మందు చేపలకు విషం. లైనర్‌ను మడత లేకుండా పరిచి, వేలితో తడిమి రంధ్రాలు ఎక్కడున్నాయో చూసుకుని, స్క్రూ కంటే సన్నని మొనతో గుచ్చండి. పైన ఇంకోసారి సీలెంట్, ఆ మీద బిగింపు రింగు. స్క్రూలను డ్రిల్లుతో కాకుండా చేత్తో, ఎదురెదురుగా ఉన్నవి కొంచెం కొంచెంగా బిగించండి. అన్నీ బిగిశాకే మధ్యలోని లైనర్‌ను బ్లేడుతో కోయాలి. ముందే కోస్తే షీటు జారి రంధ్రాలు తప్పుతాయి. సీలెంట్ ఆరడానికి ట్యూబు మీద ఎంత సమయం రాసి ఉంటే అంతా ఆగండి.

కొలను అంచు మట్టం కూడా అంతే ముఖ్యం. 5 మీటర్ల పొడవులో 3 సెంటీమీటర్ల తేడా ఉన్నా నీరు నిండగానే ఒక పక్క నల్లటి లైనర్ బయటపడి కళ్లకు కొడుతుంది. సన్నని పారదర్శక ట్యూబులో నీళ్లు నింపి మేస్త్రీలు చూసే పద్ధతే దీనికి అన్నిటికంటే నమ్మకమైనది. అంచు చుట్టుపక్కల నేల కంటే ఐదారు అంగుళాలు ఎత్తులో ఉండాలి. పెద్ద వానకు పొంగిన నీరు పోవడానికి, జాలీ బిగించిన ఒక పైపు పెట్టించండి.

కరెంటు పనిలో రాజీ పడకండి. కొలను లైన్లన్నిటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి, పని ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి, నీళ్లలో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపాలి. ఇంట్లో గానీ పక్కింట్లో గానీ చిన్నపిల్లలుంటే చుట్టూ కంచె, తాళం వేసే గేటు లేకుండా నీళ్లు నింపొద్దు. మీటరున్నర లోతు, నిలువు గోడలు. పడితే పెద్దవాళ్లకే పైకి రావడం కష్టం. ఒక పక్క గట్టి మెట్టు గానీ నిచ్చెన గానీ పెట్టండి.

నీళ్లు నింపేటప్పుడు పైపుకు ఒక మీటరు బిగించి ఎన్ని లీటర్లు పట్టాయో రాసుకోండి. తర్వాత మందు వేయాల్సి వచ్చినా, ఉప్పు వేయాల్సి వచ్చినా ఆ అంకె మీదే అంతా ఆధారపడుతుంది. కుళాయి నీరైతే క్లోరిన్ పోవడానికి సోడియం థయోసల్ఫేట్ వేయాలి. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు గానీ ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. ఒకటి రెండు రోజులు గాలి ఆడించాకే పనికొస్తుంది. తర్వాత ఎప్పుడు నీళ్లు కలిపినా పైపుకు టైమర్ పెట్టండి. కుళాయి తిప్పి మర్చిపోవడం వల్ల పోయిన చేపలు చాలానే ఉంటాయి.

నింపిన తర్వాత రోజూ మట్టం తగ్గుతుంటే వెంటనే లీకు అని టెన్షన్ పడకండి. ఒక బకెట్లో నీళ్లు నింపి కొలను పక్కనే పెట్టి, రెండింటి మీదా మట్టం గుర్తు పెట్టండి. మర్నాటికి రెండూ సమానంగా తగ్గితే అది ఆవిరే. కొలనులో ఎక్కువ తగ్గితే పంపు ఆపి ఇంకో రోజు చూడండి. పంపు ఆగినప్పుడు తగ్గడం ఆగితే తప్పు పైపుల్లోనో జలపాతంలోనో ఉంది, లైనర్‌లో కాదు.

ఇప్పుడు ఓపిక అవసరమయ్యే భాగం. కొత్త ఫిల్టరులో బాక్టీరియా నిలదొక్కుకోవడానికి 4 నుంచి 8 వారాలు పడుతుంది. మీకు ఒక మంచి అవకాశం ఉంది, పాత తొట్టి. దాని ఫిల్టరులోని స్పాంజినో రాళ్లనో కడగకుండా తెచ్చి కొత్త మీడియా గదిలో వేయండి. ముందు గోల్డ్‌ఫిష్‌లో కొన్నింటినే వదలండి, మేత సగమే వేయండి. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా నీటికి ఉండే నిల్వ శక్తి) చూసే చుక్కల కిట్ కొని, మొదటి రెండు నెలలు రెండు రోజులకోసారి చూడండి. ముందు అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, ఆ తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. రెండూ వారం పాటు సున్నా దగ్గర నిలిచాకే మిగతా చేపలు. నైట్రైట్ పెరిగినప్పుడు 1000 లీటర్లకు కిలో చొప్పున అయోడిన్ లేని ఉప్పు వేస్తే, ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను అడ్డుకుంటుంది. ఉప్పు ఆవిరైపోదు, నీళ్లు మారిస్తేనే తగ్గుతుంది, కాబట్టి మాటిమాటికీ వేయకండి.

ఈ రోజుల్లోనే నీళ్లు బఠానీ రసంలా పచ్చబడతాయి. చూసి దిగులుపడి మొత్తం ఖాళీ చేసి మళ్లీ నింపాలనిపిస్తుంది. చేయకండి. కొత్త నీరు అంటే పాచికి కొత్త ఆహారం, మళ్లీ అదే మొదలవుతుంది. పచ్చనీరు చేపలకు పగలు హాని చేయదు, రాత్రి గాలి పంపు తిరుగుతుంటే చాలు. యూవీ దీపం ఒకటి రెండు వారాల్లో దాన్ని తేటపరుస్తుంది. అయితే యూవీ అమ్మోనియాను తగ్గించదు, గోడలకు పట్టే పోగుపాచినీ ఏమీ చేయదు. దీపం వెలుగుతూ కనిపించినా ఏడాదికి దాని శక్తి సన్నగిల్లుతుంది, బల్బు మార్చాలి.

పీహెచ్ కంటే ఆల్కలినిటీ మీద కన్నేయండి. బాక్టీరియా ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను మార్చడానికి సుమారు 7 గ్రాముల ఆల్కలినిటీని వాడేసుకుంటాయి. అది అయిపోయిన రోజు పీహెచ్ ఒక్కసారిగా కుప్పకూలుతుంది, ఫిల్టరు ఆగిపోతుంది. లీటరుకు 100 మిల్లీగ్రాముల పైన ఉంచండి. తగ్గితే వంటసోడా చాలు. మీ కొలనులో 20 మిల్లీగ్రాములు పెంచడానికి 670 గ్రాములు పడుతుంది. బకెట్లో కరిగించి, రెండు మూడు విడతలుగా పోయండి.

ఎన్ని చేపలు అంటే, ఈ కొలనుకు పది, పన్నెండు కోయి. చేతివేలంత పిల్లలుగా ఉన్నప్పుడు కొలను బోసిగా ఉందని ముప్పై వేయాలనిపిస్తుంది. మూడేళ్లలో అవే చోటు చాలక కొట్టుకుంటాయి. మీ గోల్డ్‌ఫిష్‌లో జంట తోకవీ గుండ్రటివీ ఉంటే వాటిని పాత తొట్టిలోనే ఉంచండి, కోయితో మేతకు పోటీ పడలేవు. పొడవాటి మామూలు రకమైతే కలిసిపోతాయి. కొత్తగా తెచ్చిన ఏ చేపనైనా మూడు నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి, ఒంటి మీద పుండ్లు, తెల్ల మచ్చలు, ఒళ్లు రాసుకోవడం లేవని చూశాకే కలపండి. పాత తొట్టి దీనికీ పనికొస్తుంది, గోల్డ్‌ఫిష్ అందులోంచి ఖాళీ అయితే. మిగిలిపోయిన చేపల్ని ఎట్టి పరిస్థితిలోనూ వాగులో, చెరువులో వదలొద్దు. గోల్డ్‌ఫిష్, కోయి రెండూ అక్కడి చేపల్ని దెబ్బతీస్తాయి. రోహు, బొచ్చె లాంటి తినే చేపలు పెంచాలనుకుంటే మాత్రం ఇదంతా కాదు, వాటికి మట్టి అడుగు, పచ్చనీరే కావాలి.

మేత ఐదు నిమిషాల్లో తినేసేంతే. నీటి వేడి 10 డిగ్రీల లోపుకు పడితే మేత ఆపేయండి. తామరలు పెట్టాలని మనసుంటే కోయి వాటిని పీకి పారేస్తాయని గుర్తుంచుకోండి. ఫిల్టరు తర్వాత గులకరాళ్లతో వేరే చిన్న మడి కట్టి, తిరిగొచ్చే నీటిలో కొంత దాని గుండా పంపి, మొక్కలు అక్కడ పెంచండి. నైట్రేట్ కూడా తగ్గుతుంది.

జేసీబీని పిలిచే ముందు ఒక కాగితం మీద కొలను అడ్డకోత గీయండి. అందులో అడుగు వాలు, డ్రెయిన్ పైపు దారి, ఫిల్టరు గదుల అంచు, నీటి మట్టం నాలుగూ కనిపించాలి. ఆ గీతతో పాటు మీ నేల ఏ రకం మట్టో, తడి కాలంలో ఎంత లోతున నీరు తగులుతుందో రాయండి. గోడకు ఇటుక అవసరమా, కొలనును ఎంత పైకి ఎత్తాలి అన్నది దాన్ని చూసి చెబుతాను.